గవ్వలు వేశాక పది లెక్కపెట్టాలి: ఆటిజం అవగాహన కోసం ఒక కుటుంబం చేసిన రెండు ప్రయత్నాలు (కేస్ స్టడీ)

ఈ కేసు గోదావరి జిల్లాల్లోని ఒక మండల కేంద్రానిది. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాం. వయసులు, వృత్తులు, కొన్ని వివరాలు మార్చాం. ఆటిజం అంటే మెదడు ఎదుగుదలలో ఉండే తేడా; మాట, నలుగురితో మెలగడం, చప్పుళ్లను తట్టుకోవడం వేరుగా ఉంటాయి. అలాంటి పిల్లలకు ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు చేసుకోగలిగేలా చేయించే సాధన) చేయడం, తల్లిదండ్రులకు తర్ఫీదు ఇవ్వడం మా పని. చందాలు, పోటీలు ఆ పనిలోకి రావు. అయితే ఇక్కడ మొదటి కార్యక్రమం దెబ్బ నేరుగా పిల్లాడి మీద పడింది. అందుకే రెండోదాన్ని కుటుంబంతో కలిసి కూర్చుని, ఒక్కో నిర్ణయం ఎందుకో తేల్చుకుంటూ తయారు చేశాం.

నేపథ్యం

బాబుకి ఆరేళ్లు. రెండేళ్లు దాటినా మాటలు రాకపోతే ఇంట్లో వాళ్లు చాలా ఇళ్లలో అనే మాటే అన్నారు: "మగపిల్లలకి ఆలస్యంగానే వస్తాయి, వాళ్ల మామయ్యకీ నాలుగేళ్లకి గానీ రాలేదు." వినపడటం లేదేమోనని బెరా పరీక్ష చేయించారు. వినికిడి బాగుంది. మూడున్నరేళ్లకు ఆటిజం అని నిర్ధారణ అయింది. మా దగ్గరికి వచ్చేసరికి ముప్పై దాకా మాటలున్నాయి, వాటిలో చాలా భాగం విన్నదాన్ని తిరిగి అనడమే. కావలసినవి బొమ్మల కార్డులతో అడుగుతాడు. కుక్కర్ విజిల్, మిక్సీ, పెళ్లి బ్యాండు తట్టుకోలేడు. ఏ వస్తువు దొరికినా పెద్దది కింద, చిన్నది పైన వచ్చేలా పేరుస్తాడు.

అక్కకి పదకొండేళ్లు. తల్లి ఇంట్లో ట్యూషన్లు చెబుతారు, తండ్రిది చిన్న వ్యాపారం. నానమ్మ, తాతయ్య వాళ్లతోనే ఉంటారు. వీధివైపు పొడవాటి అరుగు ఉన్న పాత ఇల్లు. ఈ కేసులో ఆ అరుగే చాలా పని చేసింది.

ఏం అడుగుతూ వచ్చారు

వచ్చిన కోరిక ఒకటే అయినా, లోపల మూడు కోరికలున్నాయి. తల్లికి ఊళ్లో వాళ్లకు ఆటిజం అంటే ఏమిటో తెలియాలి. పక్కింటివాళ్లు "పిల్లాణ్ణి అదుపులో పెట్టుకోరా" అనడం మానాలి. మేనమామది వేరే ఆలోచన: "బావా, ఒక వీడియో తీసి పెడదాం, పది లక్షలు పోగైతే స్టెమ్ సెల్ చేయిద్దాం." తాతయ్యకి అసలు ఏదీ బయటికి రాకూడదు. రేపు మనవరాలికి సంబంధాలు చూసేటప్పుడు ఇది అడ్డొస్తుందని ఆయన భయం.

ఈ మూడింటినీ విడదీయకుండానే ఏప్రిల్ 2న మొదటి కార్యక్రమం జరిగిపోయింది. ప్రపంచ ఆటిజం అవగాహన దినం అదే కదా (ఐక్యరాజ్య సమితి 2007లో తీర్మానించింది, 2008 నుంచి జరుపుతున్నారు). మాకు వారం ముందే చెప్పారు. తల్లిదండ్రుల ఉత్సాహం చూసి గట్టిగా అడ్డుచెప్పలేదు. అది మా వైపు పొరపాటు.

మొదటి ప్రయత్నం

కల్యాణ మండపం ముందు సాయంత్రం ఆరుకి షామియానా, మైకు, స్టేజీ. పది అడుగుల ఫ్లెక్సీ మీద బాబు నిలువెత్తు ఫోటో, కింద తండ్రి ఫోన్‌పే క్యూఆర్ కోడ్. పిల్లలకు కుర్చీలాట, బెలూన్లు పేల్చే పోటీ. ముఖ్య అతిథి గంటా ఇరవై నిమిషాలు ఆలస్యం. ఏడున్నరకి బాబును స్టేజీ మీదికి పిలిచారు. అప్పటికే సౌండ్ బాక్సుల పక్కన గంటన్నర కూర్చున్నాడు. చెవులు మూసుకుని, తన మణికట్టు తానే కొరుక్కుని, ఎత్తుకోబోయిన నానమ్మను కొట్టాడు. ఎవరో ఫోన్లో తీశారు. రాత్రికి ఆ వీడియో ఊరి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది.

వసూలైంది రూ.41,300. ఖర్చు ఇలా: షామియానా, కుర్చీలు 9,500, సౌండ్ 6,000, ఫ్లెక్సీలు 3,850, శాలువాలు, మెమెంటోలు 4,500, టిఫిన్లు 4,000. మొత్తం 27,850. మిగిలింది 13,450. వచ్చిన ప్రతి మూడు రూపాయల్లో రెండు ఆ సాయంత్రానికే పోయాయి.

అవగాహన సంగతి చూద్దామని వారం తర్వాత ఆ వీధిలో ఇరవై మందిని తల్లి అడిగారు: "ఆ రోజు మీకేం తెలిసింది?" పద్నాలుగు మంది చెప్పినదాని సారం "పాపం, పిల్లాడికి జబ్బంట, డబ్బు కావాలంట." ఇద్దరు అంటుకుంటుందా అని అడిగారు. ఆటిజం ఉన్న పిల్లాడు ఎదురైతే తాము చేయగలిగిన పని ఒక్కటీ ఎవరూ చెప్పలేకపోయారు. ఇంట్లో తాతయ్య నెల రోజులు కొడుకుతో మాట్లాడలేదు. అక్క వీధిలోకి ఆటకు వెళ్లడం మానేసింది. బాబు రెండు వారాలు ఆ రోడ్డు వైపు వెళ్లనన్నాడు.

ఎందుకిలా అయిందన్నది మేం ముక్కలుగా విడగొట్టి చూశాం. స్టేజీ, మైకు, జనం అతనికి పడవన్నది కనిపించేదే. కుర్చీలాట సంగతి అంత సులువుగా కనిపించదు. పాట ఎప్పుడు ఆగుతుందో ముందు తెలియదు. ఆగగానే తోపులాట. ఓడినవాడు బయటికి. అంటే ఆటలో ఉండలేని పిల్లాణ్ణే ముందుగా బయటికి పంపే ఆట. ఆటిజం గురించి చెప్పడానికి పెట్టిన చోట ఆటిజం ఉన్న పిల్లలు చాలామంది రెండు నిమిషాలు కూడా నిలవలేని ఆటలు పెట్టారు. ఇక ఉపన్యాసాలు విన్నవాళ్లకు చేతులతో చేసే పనేమీ దొరకలేదు. జాలి ఒక్కటే మిగిలింది.

డబ్బు దేనికి: ముందు తేల్చిన ప్రశ్న

రెండో ప్రయత్నం మాట ఎత్తకముందే రెండు సిట్టింగులు దీనికే పెట్టాం. స్టెమ్ సెల్ (మూలకణాల) వైద్యం గురించి మేనమామను కూర్చోబెట్టి మాట్లాడాం. ఆటిజానికి ఈ వైద్యాన్ని సిఫారసు చేయడం లేదని జాతీయ వైద్య కమిషన్ నైతిక విభాగం 2022 డిసెంబరులో స్పష్టం చేసింది. "పోతే డబ్బే కదా" అన్నారాయన. పోయేది డబ్బొక్కటే కాదు. మత్తు, సూదులు, ప్రయాణాలు, నెలల తరబడి ఆగిపోయే మాటల సాధన కూడా పోతాయి. ఊరంతా చందా ఇచ్చాక "ఇంకా నయం కాలేదా" అని అడిగే ప్రశ్నకు రోజూ జవాబు చెప్పాల్సింది తల్లే. ఆయన్ని మార్చింది ఈ చివరి మాటే.

తర్వాత, చందా అడగకముందే హక్కుగా వచ్చేవి అందుకున్నారా అని చూశాం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. అయినా వీళ్లకు సర్టిఫికెట్ లేదు, యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డు లేదు, కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా పేరే వినలేదు. నిరామయలో ఏడాదికి లక్ష రూపాయల వరకు రక్షణ ఉంటుంది, థెరపీలకూ కొంత వస్తుంది. మండలంలో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం ఉందని తెలుసు గానీ "అది వేరే పిల్లలకి" అనుకున్నారు. ఈ కాగితాల పని మూడు నెలలు పట్టింది. అది పూర్తయ్యేసరికి అడగాల్సిన మొత్తం చాలా తగ్గింది.

మిగిలిన అవసరం స్పష్టంగా తేలింది. చుట్టుపక్కల ఊళ్లలో ఇలాంటి పిల్లలున్న మరో నాలుగు కుటుంబాలున్నాయి. జిల్లా కేంద్రం నుంచి థెరపిస్టు వారానికి రెండుసార్లు ఇక్కడికే వస్తే అయిదుగురికీ ప్రయాణం తప్పుతుంది. ఒక్క రాకకు రూ.1,500 చొప్పున నెలకు 12,000. అయిదు కుటుంబాలు తలా 1,500 వేసుకుంటే 7,500. లోటు 4,500. దీనికి తోడు, థెరపీ గదిలోకి ఒక్కసారే కొనాల్సిన సామాను: ఫోమ్ చాపలు 20, చెవులకు పెట్టుకునే మఫ్‌లు 6, మిగిలిన సమయం కంటికి కనిపించే టైమర్లు 2, థెరపీ బంతులు 2, లామినేషన్ మిషన్, బీరువా కలిపి రూ.25,900. ఇప్పుడు "మా అబ్బాయి వైద్యానికి" అనే మాట పోయి, "అయిదుగురు పిల్లల గదికి, నెలకు 4,500 లోటు" అనే మాట వచ్చింది. తాతయ్య మెత్తబడింది ఇక్కడే. అడిగేది తన మనవడి పేరు మీద కాదు కదా.

డబ్బు తండ్రి ఫోన్‌పేలోకి రాకూడదన్నది మేం పట్టుబట్టిన షరతు. సొసైటీ రిజిస్టర్ చేయాలంటే 2001 ఏపీ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు కావాలి, టైమూ పడుతుంది. అందుకని ఊళ్లో ఇదివరకే 80జీ గుర్తింపు (దాతలకు ఆదాయపన్ను రాయితీ ఇప్పించేది) ఉన్న ఒక సేవా సంఘం ఖాతా వాడుకుని, రసీదు పుస్తకం, లెక్కల పుస్తకం విడిగా పెట్టారు. నగదు రెండు వేలు దాటితే దాతకు 80జీ రాయితీ రాదు, కాబట్టి అంతకు మించితే బ్యాంకు ద్వారానే. అమెరికా పౌరసత్వం తీసుకున్న బాబాయి లక్ష పంపుతానన్నాడు. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేని సంఘం విదేశీ పౌరుడి డబ్బు తీసుకోకూడదు. ఆయన సొంత అన్నకు ఇచ్చుకోవచ్చు గానీ ఆ ఖాతాలో వేయకూడదు. భారత పాస్‌పోర్టుతో దుబాయ్‌లో పనిచేస్తున్న బంధువు తన జీతంలోంచి బ్యాంకు ద్వారా పంపింది మాత్రం తీసుకున్నారు.

మహిళలు తంబోలా, లక్కీ డ్రా కూపన్లు పెడదామన్నారు. రెండూ వద్దన్నాం. డబ్బు కట్టించుకుని అదృష్టం మీద బహుమతి ఇస్తే తంబోలా గేమింగ్ చట్టం కిందికి రావచ్చు, అనుమతి లేని లాటరీ అయితే నేరమే. పైగా మేం అనుకున్న సంక్రాంతి రోజుల్లో పోలీసుల కళ్లన్నీ పందేల మీదే ఉంటాయి.

రెండో ప్రయత్నం: నేర్పాల్సినది ఆట నియమంలో పెట్టడం

ఏప్రిల్ వద్దనుకున్నాం. ఎండలు, ఒంటిపూట బడులు, పరీక్షల హడావిడి. ముక్కనుమ ఉదయం ఎనిమిది నుంచి పదకొండు అనుకున్నాం. బయటి ఊళ్లలో ఉన్నవాళ్లు ఇంకా వెళ్లిపోలేదు, వీధులు పొద్దున్నే ప్రశాంతంగా ఉంటాయి, ముగ్గులు ఇంకా చెరగలేదు. మైకు లేదు, స్టేజీ లేదు, అతిథి లేరు.

అన్నిటికంటే ముఖ్యమైన నిర్ణయం ఆటల ఎంపిక. ఆటిజం ఉన్న పిల్లాడితో ఇరుగుపొరుగు ఎలా మసలుకోవాలో రాసుకుంటే నాలుగు పనులు వచ్చాయి: మాట ఒకసారే చెప్పి ఆగడం, ఏం జరగబోతోందో ముందే చూపించడం, చప్పుడు తగ్గించడం, లేచి వెళ్లిపోతే ప్రశ్నించకపోవడం. ఇవి ఉపన్యాసంలో చెబితే మరుసటి రోజుకు మర్చిపోతారు. అందుకే ఇవే ఆట నియమాలు కావాలనుకున్నాం, అందరికీ.

అష్టా చమ్మా దానికి సరిగ్గా సరిపోయింది. అయిదు అడ్డం, అయిదు నిలువు గళ్లు, నాలుగు గవ్వలు. ఒకటి వెల్లకిలా పడితే ఒకటి, నాలుగూ పడితే చమ్మా, అన్నీ బోర్లా పడితే అష్టా. వంతు ఎవరిదో, దారి ఎటో, ఆట ఎక్కడ పండుతుందో అంతా కళ్ల ముందే ఉంటుంది. మేం చేర్చిన నియమాలివి. వంతు వచ్చినవాడి ముందు పసుపు రంగు చెక్క ముక్క పెట్టాలి. గవ్వలు వేశాక ఎదుటివాళ్లు మనసులో పది లెక్కపెట్టేదాకా ఏమీ అనకూడదు, "ఆ కాయ జరుపు" అని చెప్పకూడదు. గెలిస్తే చప్పట్లు లేవు, రెండు చేతులూ గాల్లో ఊపాలి. ఎవరైనా ఎప్పుడైనా లేవొచ్చు. తన చోట ఒక చింతగింజ పెట్టి వెళ్లాలి, తిరిగొచ్చేదాకా ఎందుకని అడగకూడదు.

ఇవి బాబుతో పనిచేస్తాయా అన్నది అరుగు మీద తొమ్మిది ఆదివారాలు చూశాం. అక్క, మరో ముగ్గురు పిల్లలు, పదిహేను నిమిషాలు, టైమర్ పెట్టి. మొదటి మూడు వారాలు బాబు పని గవ్వలు ఏరి ఇవ్వడమే. తర్వాత వేయడం. ఆరో వారం నుంచి కాయ జరపడం. మొదట్లోనే ఒక చిక్కు వచ్చింది: సిమెంటు అరుగు మీద గవ్వల చప్పుడుకి చెవులు మూసుకున్నాడు. గోనెపట్టా మడతపెట్టి పరిచి, గవ్వల్ని లోపల గుడ్డ అతికించిన కొబ్బరి చిప్పలో గిలకరించి వేయించాం, సరిపోయింది. రెండో చిక్కు కాయను చంపడం. తన కాయ చచ్చిన మొదటి రోజు బల్ల తిరగేశాడు. ఆ నియమం తీసేద్దామన్నారు తల్లి. మేం తీయలేదు. తీసేస్తే ఊళ్లో ఎవరితోనూ ఆ ఆట ఆడలేడు. దాని బదులు రెండు వారాలు అక్క తన కాయనే చంపించుకుంది. చంపకముందు "ఇంటికి వెళ్తుంది, మళ్లీ వస్తుంది" అనే బొమ్మ కార్డు చూపించేది. ఎనిమిదో వారం తన కాయ చచ్చినప్పుడు ఆ కార్డును తనే తీసి గళ్ల మీద పెట్టాడు, కాయను చేత్తో ఇంటి గడిలోకి తెచ్చుకున్నాడు.

ఏడు పెంకులాట గురించి చాలా తర్జనభర్జన పడ్డాం. పరుగు, కేకలు, బంతి దెబ్బ ఉంటాయి. కానీ పెంకులు పేర్చడం బాబుకి ప్రాణం. బంతిని గుడ్డపీలికలతో చుట్టించి మెత్తగా చేశాం. పేర్చేవాడిని కొట్టకూడదని నియమం పెట్టాం. మామూలు పెంకులు ఇంచుమించు ఒకే సైజులో ఉంటే ఏది కింద పెట్టాలో తేలక బాబు ఆగిపోయేవాడు. పక్కింటి అబ్బాయి ఏడింటినీ గరుకు రాయి మీద అరగదీసి, పెద్దది జానెడు, చిన్నది రూపాయి బిళ్లకు కాస్త పెద్దగా ఉండేలా చేసుకొచ్చాడు. అతనికి ఎవరూ చెప్పలేదు. చూసి గ్రహించాడు. మొదటి కార్యక్రమంలో మూడు వందల మందికి అందనిది ఈ ఒక్క పిల్లాడికి అందిందని మేం లెక్కపెట్టుకున్నాం.

తొక్కుడు బిళ్ల ఎలాగూ ఒకరి తర్వాత ఒకరు ఆడేదే, మార్పులేమీ అక్కర్లేదు.

బాబు ఒప్పుకున్నాడా అన్నది ఎలా తెలుసుకోవాలి? కార్యక్రమం జరిగే చోటికి ముందే మూడుసార్లు తీసుకెళ్లాం. బల్ల, పెంకులు, జనం, కెమెరా కార్డులు ముందు పెడితే మొదటి రెండూ తీసుకున్నాడు, జనం కార్డును తోసేశాడు, కెమెరా కార్డును బల్ల కింద పడేశాడు. దాన్ని బట్టి రెండు నిర్ణయాలు: ఫోటోలు అసలు ఉండవు, జనం పెరిగితే బాబు ఇంటికి వెళ్తాడు, కార్యక్రమం అతను లేకుండానే సాగుతుంది. ఈ రెండోది కుటుంబం చేత ముందే ఒప్పించడం చాలా అవసరం. లేకపోతే ఆ క్షణంలో "ఇంకో పది నిమిషాలు" అనిపిస్తుంది.

ఆ రోజు

అష్టా చమ్మాకి 32 జోడీలు, జోడీకి రూ.200 చొప్పున 6,400. తొక్కుడు బిళ్లకు 60 మంది పిల్లలు, రూ.20 చొప్పున 1,200. పులిహోర, బజ్జీల బల్ల మీద ఖర్చు పోను 7,900. రసీదు మీద విరాళాలు 21,500. మొత్తం 37,000. చాపలు, బల్లల అద్దె, నియమాల కార్డులు, నీళ్లకు 4,600 పోగా మిగిలింది 32,400. సామానుకు డబ్బు అడగలేదు. ధర రాసిన చీటీలు తాడుకు వేలాడదీశాం, ఎవరికి వీలైన చీటీ వాళ్లు తెంపుకుని ఆ వస్తువే కొనిచ్చారు. ఒక్క బీరువా (8,500) తప్ప అన్నీ తెగాయి. చందా ఇవ్వడానికి వెనకాడేవాళ్లు కూడా "రెండు చాపలు నావి" అనడానికి వెనకాడలేదు. 32,400 అంటే ఏడు నెలల లోటు. ఏడాదికి చాలదు.

బాబు మూడు ఆటలు ఆడి, ఏడు పెంకులు రెండుసార్లు పేర్చి, 9.40కి చింతగింజ పెట్టి ఇంటికి వెళ్లిపోయాడు. తిరిగి రాలేదు. ఎవరూ అడగలేదు. అదే నియమం వాడుకుని మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ ఒకరు మూడుసార్లు లేచి నడిచి వచ్చి కూర్చున్నారు.

పక్క గదిలో 16 నుంచి 30 నెలల పిల్లల తల్లుల కోసం ఆటిజం లక్షణాలను ముందుగా పసిగట్టే ఎంచాట్-ఆర్ అనే ఇరవై ప్రశ్నల పత్రం పెట్టాం. ప్రశ్నల ఉద్దేశం చెప్పడానికి చందమామ బాగా ఉపయోగపడింది. అన్నం పెడుతూ "అదిగో చందమామ" అంటే పిల్లాడు మీ వేలును చూస్తాడా, వేలు చూపినవైపు చూస్తాడా? తనే మీకు చూపిస్తాడా? అయిదుగురు నింపారు. ఫలితం అక్కడ చెప్పలేదు. ఇద్దరిని విడిగా కలిసి, ఇది నిర్ధారణ కాదని చెప్పి, వినికిడి పరీక్షకి, జిల్లా ఆసుపత్రిలో పిల్లల ఎదుగుదల లోపాలను తొందరగా గుర్తించి సాయం చేసే కేంద్రానికి (డీఈఐసీ) పంపాం.

తేడాలు జరగలేదని కాదు. పది గంటలకు పిల్లలు గుంపుగా పెంకుల దగ్గర మూగారు. గీత గీసి ఉంచాల్సింది, మర్చిపోయాం. మరో కుటుంబం వాళ్ల పాపను ఎవరో ఫోటో తీశారు, తండ్రి చాలా బాధపడ్డారు. ఫోటోలు వద్దన్న కార్డు బల్లల మీద పెట్టాం గానీ వచ్చే దారిలో పెట్టలేదు.

తర్వాత చూసినవి

ఈసారి ఇరవై మందిని అడిగిన ప్రశ్న వేరు: "ఆ పిల్లాడు మీ ఇంటికొస్తే ఏం చేస్తారు?" పన్నెండు మంది చేయదగిన పని ఒకటైనా చెప్పారు. టీవీ తగ్గిస్తాం, ఒకసారే చెప్పి ఊరుకుంటాం, వెళ్తానంటే పోనిస్తాం. రెండు ప్రశ్నలూ ఒకటి కాదు కాబట్టి పద్నాలుగు, పన్నెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చలేం. ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్లు ఒకే ప్రశ్నను ముందూ తర్వాతా అడిగేలా చూసుకుంటే మాకంటే బాగా తెలుస్తుంది.

ఆటలు ఎంచుకునేటప్పుడు ఇప్పుడు మేం మూడు సంగతులు చూస్తున్నాం. ఓడినవాడు బయటికి పోయే ఆట అయితే వదిలేస్తాం. తర్వాత ఏం జరుగుతుందో చూసి తెలుసుకోగలిగేలా ఉండాలి. పిల్లాడు ఇష్టంగా చేసే ఒక్క పనికైనా అందులో నిజమైన చోటుండాలి, జాలిగా ఇచ్చే చోటు కాదు. తొమ్మిది వారాల సాధన లేకుండా ఈ ఉదయం జరిగేది కాదు. ఆ సాధనకు ఖర్చు దాదాపు లేదు, అయినా చాలామంది వదిలేసేది దాన్నే. ఫ్లెక్సీ మీద ఆటిజం గుర్తుగా వాడే పజిల్ ముక్కల బొమ్మ వద్దని కూడా చెబుతున్నాం. తమలో ఏదో ముక్క లోపించినట్టు ఉంటుందని ఆటిజం ఉన్న పెద్దవాళ్లు చాలామంది దాన్ని ఇష్టపడరు.

గది నడుస్తోంది. ఎనిమిదో నెల లోటుకు దారి ఇంకా దొరకలేదు. అయిదు కుటుంబాలు, మరో ఇద్దరు కలిసి సొసైటీ రిజిస్ట్రేషన్‌కి కాగితాలు పెట్టారు. వానాకాలం వస్తే అరుగు మీద ఆడలేరు కాబట్టి ఆదివారం ఆట గదిలోకి మారింది. గవ్వలు తాతయ్య దగ్గరుంటాయి. పసుపు చెక్క ముక్క ఎవరి ముందుందో చూసి, ఆయన కూడా పది లెక్కపెడతారు, పెదాలు కదుపుతూ.